చెప్పింది చెప్పినట్టు కాల్చిన యాపిల్ పళ్ళు

తాటిలంకలో తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఎవరిల్లు వాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. సూర్నారాయణ మటుకు వేలు పెట్టి చూపించడు. గొప్పలు పోయినట్టుంటుందని గడ్డంతో చూపిస్తాడు.

"మా ఇంట్లో మాటంటే మాటేనండీ. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. చెప్పనిది చచ్చినా చెయ్యం. ఊళ్ళో మిగతావాళ్ళకి ఆ తెలివేదీ? ఒకటి చెబితే నాలుగు ఊహించుకుంటారు" అంటాడు.

కావాలంటే తమ్ముడు బుల్లియ్య సంగతి చెబుతాడు. ఓసారి బళ్ళో మేష్టారు బుల్లియ్యకి కొత్త గొడుగిచ్చి, "మా ఇంట్లో ఇచ్చి రా, తడవనియ్యకు సుమా" అన్నారు. సగం దారిలో వాన పట్టుకుంది. ఇంకేముంది, బుల్లియ్య చొక్కా విప్పి గొడుక్కి చుట్టాడు. దాని మీద వంగి, నడుం విరిగేలా నడుచుకుంటూ వెళ్ళి అప్పజెప్పాడు. గొడుగు మీద చుక్క పడలేదు. బుల్లియ్యకి జ్వరం తగిలి చాలా రోజులు లేవలేదు. ఇంటిల్లిపాదీ ఆనందపడి పాయసం వండుకున్నారు.

పెద్దకోడలు మంగాయమ్మ కూడా తక్కువ తినలేదు. "పాలు పొంగితే నన్ను పిలు" అని అత్తగారు చెప్పి వెళితే, పొయ్యి పక్కన నించుని, "అత్తయ్యా, అత్తయ్యా" అని పాలన్నీ పొయ్యిలోకి పోయేదాకా పిలుస్తూనే ఉంది. గిన్నె దింపమని ఎవరూ చెప్పలేదు మరి. చిన్నకోడలు వరాలు కొత్తగా కాపరానికొచ్చింది. వచ్చిన నాడే ఈ పద్ధతి చూసి, "మా పుట్టింట్లోనూ ఇంతేనండీ" అని సంతోషంతో కళ్ళు తుడుచుకుంది.

అలా నలుగురూ ఒక్క మాట మీదుండే ఇల్లది. ఆ ఇంట్లో ఒక్క నర్సాయమ్మకి మటుకు బుర్ర అందరికీ పనిచేసినట్టు పనిచేస్తుంది, పాపం. ఆవిడ ఈ అన్నదమ్ముల తల్లి. మొగుడు వీరన్నని, ఆ తరవాత ఈ కొడుకుల్ని భరించి భరించి, పన్నన్నది లేకుండా బోసినోటితో మిగిలింది.

ఆ ఏడు వానలు వెనకపట్టి, పొద్దున్నే గడ్డి మీద మంచు కనపడే రోజులొచ్చాయి. ఎక్కడో ఉత్తరాదినించి లారీల్లో దిగిన యాపిల్ పళ్ళు సంతలో గుట్టలు పోస్తున్నారు. సరిగ్గా అప్పుడే నర్సాయమ్మ పెరటి మెట్టు మీద నాచుకి జారి పడింది. చీలమండ బెణికి బూరెలా పొంగింది. కట్లు కట్టేవాడొచ్చి ఆకుపసరు రాసి, బద్దలు పెట్టి కట్టి, "అమావాస్య దాకా ఈ కాలు నేల మీద పెట్టకూడదు" అని చెప్పి వెళ్ళాడు.

అంతే. అన్నదమ్ములిద్దరూ తల్లి మంచం చుట్టూ తిరిగారు.

"అన్నయ్యా, అమ్మ కాలు మంచం మీదుంది."

"ఉంది."

"మంచం కోళ్ళు నేల మీదున్నాయి."

సూర్నారాయణ గుండె గుభేలుమంది. "ఎంత గండం తప్పిందిరా! నువ్వు చూశావు గనక సరిపోయింది" అన్నాడు. వెంటనే గదిలో ధాన్యం బస్తాలన్నీ ఈడ్చుకొచ్చి, ఒకదాని మీదొకటి పేర్చి, వాటి మీద మంచాన్ని, మంచం మీద తల్లినీ ఎక్కించారు. చెయ్యి చాపితే దూలం అందేంత ఎత్తు. కాలు బాగుపడినా సరే, దిగాలంటే నిచ్చెన కావాలి.

నర్సాయమ్మ అంత ఎత్తునించి అందర్నీ తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి అన్నం మానేసింది. గంజి ఇస్తే వద్దంది. పాలిస్తే మొహం తిప్పుకుంది. మూడో పూటకి కోడళ్ళిద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ఏం తినాలనుందో చెప్పండత్తయ్యా. చెబితే చేస్తాం" అంది మంగాయమ్మ.

"చెబితే చేస్తారనే నా భయం" అంది నర్సాయమ్మ. కాసేపు దూలం వంక చూసింది. "కాల్చిన యాపిల్ పండు తినాలనుందే" అంది చివరికి.

నలుగురూ మొహాలు చూసుకున్నారు.

"మీ నాన్న బండి తోలే రోజుల్లోరా. పెళ్ళైన కొత్తలో, సంతనించి వచ్చేటప్పుడు ఒక యాపిల్ పండు తెమ్మన్నాను. బెల్లం పెట్టి ఎలా కాలుస్తారో కూడా నేనే చెప్పాను. తెచ్చాడు. నన్ను అరుగు మీద కూర్చోమని, పెరట్లో తనే కాల్చి తెచ్చాడు. చెరి సగం తిన్నాం. మరుసటేడు మంచు పడేసరికి మళ్ళీ తెచ్చాడు. నేను చెప్పలేదు కదా అంటే, 'తెమ్మన్నావు, మానమన్లేదుగా' అన్నాడు. పోయేదాకా ప్రతి ఏడూ తెస్తూనే ఉన్నాడురా." ఆవిడ తలగడ సర్దుకుంది. "ఆయన పోయాక నేనూ కాల్చి చూశాను. ఆ రుచి రాలేదు. ఇప్పుడు పచ్చిది కొరుక్కుందామన్నా నోట్లో పన్ను లేదు. ఈ ఏడు తినకపోతే వచ్చే ఏడు ఉంటానో ఉండనో."

సూర్నారాయణ భోరుమన్నాడు. "నువ్వు చెప్పమ్మా. అక్షరం తప్పకుండా చేస్తాం" అన్నాడు.

"అదెంత పనిరా, చంటిపిల్లలైనా చేస్తారు" అంది నర్సాయమ్మ. ఆ మాట అన్నందుకు తరవాత ఎంత విచారించిందో. "బుల్లియ్యా, ముందు నువ్వు సంతకెళ్ళు. మంచి యాపిల్ పళ్ళు, పైన ఎర్రగా ఉండాలి, లోపల తెల్లగా ఉండాలి. లోపల నల్లబడ్డది ఒక్కటీ తేకు."

బుల్లియ్య సంచీ పట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చొక్కా చిరిగింది, చెవి వాచింది, మొహం వెలిగిపోతోంది.

"అన్నీ తెల్లగానే ఉన్నాయమ్మా!"

నర్సాయమ్మకి అనుమానం వచ్చింది. "లోపల తెల్లగా ఉన్నాయని నీకెలా తెలిసిందిరా?"

"కొరికి చూశా" అన్నాడు బుల్లియ్య. "చూడకుండా ఎలా తెస్తానమ్మా? కొట్టువాడు కూడా ఎంత మంచోడో! కొరికినవన్నీ నన్నే తీసుకుపొమ్మన్నాడు. వద్దన్నా వినలేదు. చెవి పట్టుకుని మరీ ఇచ్చాడు."

సంచీ విప్పితే ఏముంది, ఒక్కో పండుకీ నడిబొడ్డున గుంట. బుల్లియ్య నోరు చిన్నది కాదు. నర్సాయమ్మ తల పట్టుకుంది. అయితేనేం, పళ్ళంటూ ఇంటికొచ్చాయి కదా అని సరిపెట్టుకుంది.

"ఎంగిలి పళ్ళు కదే, నూతి నీళ్ళల్లో వేసి శుభ్రంగా కడగండి" అని కోడళ్ళకి చెప్పింది.

ఇంకేముంది, కోడళ్ళిద్దరూ నూతి దగ్గరికెళ్ళి, పళ్ళన్నీ నూతి నీళ్ళల్లో వేశారు. బుడుంగు బుడుంగుమని మునిగి, పైకి తేలి, గుండ్రంగా తిరుగుతున్నాయి. వరాలు గట్టు మీంచి వంగి చూసింది. చెయ్యి చాపింది. అందలేదు. మంగాయమ్మ చెయ్యి కొంచెం పొడుగు. ఆవిడా చాపింది. అందలేదు.

"అత్తయ్యా! నీళ్ళల్లో వేసేం. కడగడానికి చెయ్యందట్లేదు!"

ఎత్తు మంచం మీంచి నర్సాయమ్మకి విషయం అర్థమైంది. "ఓసి మీ తెలివి తెల్లారా! చేద వెయ్యండే, చేద!"

వేశారు. తాడుతో సహా. ధబేలుమని చప్పుడైంది.

"వేసేం అత్తయ్యా! ఇదయితే తేలడం కూడా లేదు!"

ఆ అరుపులకి పక్కింటి రవణమ్మ గోడ మీంచి తొంగి చూసింది. నర్సాయమ్మని వదినా అని పిలుస్తుంది. ఆ ఇంటి నలుగుర్నీ ఏమని పిలుస్తుందో రాయడం బాగుండదు. ఆవిడే తన బుట్టకి తాడు కట్టి నూతిలోకి వదిలి, పళ్ళన్నీ దేవి పైకి తీసింది. తీస్తున్నంతసేపూ వాయించేసింది.

"బుర్రలు ఇంట్లో దాచుకుని తిరుగుతున్నార్రా మీరు?"

సూర్నారాయణ చాలా నొచ్చుకున్నాడు. "బుర్ర ఇంట్లో ఎలా దాచుకుంటాం రవణమ్మత్తా? మెడకి అతుక్కుని ఉంటేనూ? నీకెవరో తప్పు చెప్పినట్టున్నారు."

రవణమ్మ బుట్ట చంకన పెట్టుకుని గోడవతలికి వెళ్ళిపోయింది.

సరే, పళ్ళు శుభ్రపడ్డాయి. నర్సాయమ్మ ఈసారి ఒక్కో ముక్కే విడమరిచి చెప్పింది. గింజలున్న బొడ్డు తవ్వి తీసేయండి. తొక్క తియ్యకండి. ఆ గుంటలో బెల్లం కోరు కూరండి. మీద నెయ్యి వెయ్యండి, జీడిపప్పు పలుకులు గుచ్చండి. చిత్రమేమిటంటే, ఇదంతా సరిగ్గా జరిగిపోయింది. బుల్లియ్య కొరికిన గుంటలోంచే బొడ్డు ఊడొచ్చింది. ఆ గుంట పుణ్యమా అని మామూలు కన్నా రెట్టింపు బెల్లం పట్టింది. చెప్పినట్టు చేస్తే తప్పవడం ఆ ఇంట్లో అలవాటే. తప్పు చేసింది ఒప్పవడం మటుకు అదే మొదలు.

"యాలక్కాయ వాసన తగిలితే చాలు, ఎక్కువ వద్దు" అని చివర్లో అంది నర్సాయమ్మ.

వరాలు ఒక యాలక్కాయ తెచ్చి, ఒక్కో పండు దగ్గరా పట్టుకుని నించుంది.

"అక్కా, దీనికి తగిలిందంటావా?"

"ముక్కు దగ్గర పెట్టావా?"

"పండుకి ముక్కెక్కడుంటుందక్కా?"

మంగాయమ్మ పండుని అటూ ఇటూ తిప్పి చూసింది. "తొడిమే అయుంటుంది. పొడుచుకొచ్చింది అదొక్కటేగా" అంది. అంతే, అన్ని పళ్ళ తొడిమలకీ ఓపిగ్గా వాసన చూపించి, యాలక్కాయ మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. సొమ్ము దుబారా చెయ్యని పిల్ల.

"ఇప్పుడు మట్టి దాకలో పెట్టి మూతెయ్యండి. మినపరొట్టెకి వేసినట్టే, కింద నిప్పులు, మూత మీద నిప్పులు. సన్నటి సెగ చాలు. ఆవిరి పోతే పండు ఎండిపోతుంది. నేను చెప్పేదాకా ఎవరూ మూత కదపడానికి వీల్లేదు. విన్నారా?"

"విన్నాం!" అన్నారు నలుగురూ.

పెరట్లో పొయ్యి రాజేశారు. కింద నిప్పులు, పైన నిప్పులు. సూర్నారాయణ విసనకర్ర పట్టాడు. మిగతా ముగ్గురూ మూత ఎక్కడ కదులుతుందోనని ఊపిరి బిగబట్టుకుని చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి నెయ్యి వాసన మొదలైంది. ఎత్తు మంచం మీద నర్సాయమ్మకి నోరూరింది.

"మెత్తబడ్డాయేమో పుల్ల గుచ్చి చూడండ్రా!" అని కేకేసింది.

నలుగురూ మొహాలు చూసుకున్నారు.

"పుల్ల గుచ్చమంది" అన్నాడు సూర్నారాయణ.

"మూత కదపొద్దంది" అంది మంగాయమ్మ.

"అది నేను చెప్పేదాకా అంది."

"ఇప్పుడు చెప్పింది పుల్ల సంగతే కదండీ. మూత సంగతి చెప్పలేదుగా."

నిజమే. గట్టి చిక్కే వచ్చింది. ఇలాంటప్పుడే తెలివి కావాలి. బుల్లియ్య చాలాసేపు ఆలోచించి, లేచి వెళ్ళి, కొబ్బరి మొక్కలకి గోతులు తీసే గునపం తెచ్చాడు.

"మూత జోలికి పోకుండా పక్కనించి గుచ్చుదాం" అన్నాడు.

"ఒరేయ్, నువ్వు నా తమ్ముడివిరా!" అని కావలించుకున్నాడు సూర్నారాయణ.

అంతే. గునపం పెట్టి దాక డొక్కలో ఒక్క పోటు పొడిచారు. చిల్లు పడింది. పుల్ల అయితే గుచ్చారు గానీ, ఆ చిల్లులోంచి బెల్లం పాకం బుసబుసమని నిప్పుల మీదికి కారింది. ఇంకేముంది, చుయ్యిమని పొగ లేచింది. తెల్లగా, తియ్యగా, కళ్ళు మండేలా. పొగ చిల్లులోంచి దాకలోకీ దూరింది, గుమ్మంలోంచి ఇంట్లోకీ దూరింది.

"కొంపంటుకుందా, కొంపంటుకుందా!" అంటూ రవణమ్మ గోడ దూకినంత పని చేసింది.

"ఏవైందిరా?" అని అరిచింది నర్సాయమ్మ దగ్గుతూ.

"ఏం కాలేదమ్మా! మూత అంగుళం కదల్లేదు! పళ్ళు వెన్నలా ఉన్నాయి!"

నర్సాయమ్మ తిడదామని నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆ వాసన ఆవిడకి తెలుసు. ఎప్పటిదో తెలుసు. కానీ ఎక్కడిదో చప్పున అందలేదు.

"దింపండి, దింపండి, మూత తీసెయ్యండి" అంది కంగారుగా. "తీపి సరిపోయిందో లేదో రుచి చూసి, తీసుకురండి."

రుచి చూశారు. సూర్నారాయణ ఒక పండు రుచి చూశాడు. సరిపోయింది. మంగాయమ్మ, "ఆ పండు తీపి ఈ పండుకెలా తెలుస్తుందండీ?" అని ఇంకోటి చూసింది. వరాలు ఇంకోటి. బుల్లియ్య, అడుగునున్నవి చప్పగా ఉంటాయేమోనని అడుగునించి మొదలుపెట్టాడు. రుచి చూడమంది గానీ ఎంత చూడాలో అమ్మ చెప్పలేదు. పెరట్లోంచి చప్పరింపులు వినపడుతున్నాయి. ఎంతసేపటికీ ఎవరూ లోపలికి రావడం లేదు.

నర్సాయమ్మకి గుండాగినంత పనైంది. గుమ్మంలోంచి సగమే కనపడుతోంది గానీ, ఆ సగంలో దాక అడుగు కనపడుతోంది. ఒక్కటే పండు మిగిలింది. బుల్లియ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగండి!" అని శక్తి కొద్దీ అరిచింది. "ఎక్కడున్నవాళ్ళు అక్కడ, ఎలా ఉన్నవాళ్ళు అలా ఆగిపోండి!"

నలుగురూ బిగుసుకుపోయారు. సూర్నారాయణ వేలు నోట్లోనే ఉంది. మంగాయమ్మ వంగింది వంగినట్టే ఉంది. వరాలుకి తుమ్మొచ్చి సగంలో ఆగిపోయింది. బుల్లియ్య ఒంటికాలి మీద, పండు పట్టుకుని, నోరు తెరుచుకుని.

నర్సాయమ్మకి అప్పుడు జ్ఞానోదయమైంది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడింది. అదీ తన తప్పు. ఎడ్లని అదిలించినట్టు, అడుగడుగునా చెప్పాలి.

"బుల్లియ్యా. నోరు మూసుకో." మూశాడు. "రెండో కాలు కింద పెట్టు." పెట్టాడు. "పండు కొరక్కు, నలపకు, పడెయ్యకు. అలాగే పట్టుకుని తిన్నగా గుమ్మంలోంచి లోపలికి నడు."

బుల్లియ్య నడిచాడు. గుమ్మం దాటాడు. మంచం దగ్గరికొచ్చాడు. నర్సాయమ్మ ఆత్రంగా చెయ్యి చాపింది. ఆ చేతి కిందనించి బుల్లియ్య తిన్నగా నడుచుకుంటూ, వీధి గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయాడు.

నడవమంది గానీ ఆగమని చెప్పలేదు కదా!

"ఆగరా! ఒరేయ్, ఆగరా!" ఎత్తు మంచం మీద పాపం, ఆవిడ గొంతు వీధి దాకా పోలేదు. బుల్లియ్య పండు చేత్తో పట్టుకుని, ముక్కుసూటిగా గోదారి వైపు పోతున్నాడు. నర్సాయమ్మ తలగడ మీద పడి ఏడ్చేసింది. కాలి నొప్పికి ఏడవలేదు. గంజి తాగని ఆకలికీ ఏడవలేదు. మిగిలిన ఒక్క పండూ గోదాట్లో కలుస్తోందని ఏడ్చింది.

పెరట్లో ముగ్గురికీ ఆ ఏడుపు వినపడుతూనే ఉంది. సూర్నారాయణ కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా కారుతున్నాయి. కానీ కదలమని అమ్మ చెప్పలేదు.

అదృష్టం బాగుండి, రవణమ్మ పొగకి భయపడి వీధిలోకి పరిగెట్టుకొచ్చింది. రేవు దగ్గర, మోకాల్లోతు నీళ్ళల్లో బుల్లియ్యని పట్టుకుంది. పట్టుకుంటే ఆగలేదు. చొక్కా లాగితే చినిగిన చొక్కా ఇంకాస్త చినిగింది. ఆఖరికి ఆ ఇంటి పద్ధతి గుర్తొచ్చి, "వెనక్కి తిరుగు!" అంది. తిరిగాడు. అలాగే వెనకాల నడుస్తూ ఇంటిదాకా తోలుకొచ్చి, మంచం దగ్గర "ఆగు!" అని, "పండు మీ అమ్మకియ్యి!" అంది.

ఇచ్చాడు.

పండు ఇంకా గోరువెచ్చగా ఉంది. తొక్క ముడతలు పడి, లోపలంతా వెన్నయిపోయి, అంచుల్లో బెల్లం నల్లబడి మెరుస్తోంది. నర్సాయమ్మ రెండు వేళ్ళతో తీసుకుని నాలిక మీద పెట్టుకుంది. నమలక్కర్లేకుండా కరిగిపోయింది. తీపి వెనకాల సన్నగా పొగ. మాడిన బెల్లం చేదు, కొంచెం.

ఆవిడ అలాగే కళ్ళు మూసుకుంది. మళ్ళీ కన్నీళ్ళొచ్చాయి.

"ఏవైంది వదినా, బాలేదా?" అంది రవణమ్మ.

"అదే రుచి రవణమ్మా. ఆయన కాల్చిన రుచే. నేను ఎన్నిసార్లు కాల్చినా రాని రుచి." గుమ్మంలోంచి పెరట్లో చిల్లుపడ్డ దాక వంక చూసి, ఉన్నట్టుండి పక్కున నవ్వింది. "ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. నేనే చెప్పాను ఆయనకీ. మూత కదపొద్దనీ చెప్పాను, పుల్ల గుచ్చి చూడమనీ చెప్పాను. ప్రతి ఏడూ కొత్త దాక ఎందుకు కొనేవాడా అనుకునేదాన్ని!"

పండంతా తిని వేళ్ళు నాకాక, పెరట్లో వాళ్ళు గుర్తొచ్చి, "ఇక కదలండర్రా!" అని కేకేసింది. వరాలు తుమ్ము అప్పటికి పూర్తయింది. ముగ్గురూ వచ్చి బుల్లియ్య పక్కన మంచం కింద వరసగా నించున్నారు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు సూర్నారాయణ భయం భయంగా.

నర్సాయమ్మ మనసు వెన్నలా ఉంది. ఆ మనసుతోనే అనరాని మాట అనేసింది.

"అమృతంలా ఉందిరా. వచ్చే ఏడూ అచ్చం ఇలాగే చెయ్యండి. ఏ ఒక్కటీ తప్పిపోకూడదు."

రవణమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పటికే మాట గాల్లో కలిసిపోయింది.

*

ఏడాది తిరిగింది. నర్సాయమ్మ కాలు బాగుపడింది. వచ్చే ఏడు ఉంటానో ఉండనో అన్న మనిషి, పెరట్లో పాదులు తవ్వుకుంటూ లక్షణంగా ఉంది. వానలు వెనకపట్టాయి. గడ్డి మీద మంచు కనపడింది.

ఓ పొద్దున్నే నర్సాయమ్మ లేచేసరికి, గదిలో ధాన్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. నలుగురూ తలంట్లు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని పెరటి గుమ్మంలో నించున్నారు. వరాలు గోడ దగ్గరికెళ్ళి, "రవణమ్మగారూ, ఇవాళ మమ్మల్ని రెండుసార్లు తిట్టాలండీ, ఎక్కడికీ వెళ్ళకండేం" అని చెప్పొస్తోంది.

"ఏంట్రా ఇదంతా?" అంది నర్సాయమ్మ.

"యాపిల్ పళ్ళమ్మా" అన్నాడు సూర్నారాయణ. "అచ్చం పోయినేడులాగే. ఏ ఒక్కటీ తప్పిపోకూడదన్నావుగా. రా, ముందు నువ్వు పడాలి."

నర్సాయమ్మ మెట్టు వంక చూసింది. తను పడ్డాక బొగ్గు రాసి, ఇటికముక్కతో రుద్ది, నున్నగా కడిగించిన మెట్టది. ఇప్పుడు పచ్చగా నిగనిగలాడుతోంది.

"నెల్లాళ్ళనించీ రోజూ నీళ్ళు పోసి పెంచానమ్మా నాచు" అన్నాడు సూర్నారాయణ గర్వంగా. "పోయినేడు కన్నా బాగా వచ్చింది."

"నేను పడను!"

నలుగురి మొహాలూ మాడిపోయాయి.

"నువ్వు పడకపోతే అచ్చం ఎలా అవుతుందమ్మా? రుచి రాదు. రుచి రాకపోతే నువ్వు తినవు" అన్నాడు బుల్లియ్య.

సూర్నారాయణ తల్లి వంక చూశాడు. మెట్టు వంక చూశాడు. "పోనీ అమ్మకి బదులు నేను పడతాను" అన్నాడు. వద్దురా అనేలోపలే మెట్టు మీద కాలేశాడు. సర్రుమని జారి, ధబ్బుమని పడ్డాడు.

"అత్తయ్య ఇలా పడలేదండీ" అంది మంగాయమ్మ పెదవి విరిచి. "కుడి కాలు ముందు జారింది. ఇలా" అని చూపించబోయింది. చూపించింది కూడాను. బుల్లియ్య వదిన్ని లేపబోయి పడ్డాడు. వరాలు, అందరూ పడుతుంటే తనొక్కతే నించుంటే బాగుండదని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని మరీ పడింది.

ఇంకేముంది, నాలుగు చీలమండలు బూరెలయ్యాయి. కట్లు కట్టేవాడికి ఆ పూట ఊపిరాడలేదు. అమావాస్య దాకా కాలు నేల మీద పెట్టొద్దన్నాడు. నలుగురూ పట్టుబట్టి బస్తాల మీద మంచాలేయించుకుని ఎక్కారు. మొయ్యడానికి వచ్చినవాళ్ళు నవ్వలేక కడుపులు పట్టుకున్నారు.

నర్సాయమ్మకి కోపం రావాలి. రాలేదు. తనకోసం నెల్లాళ్ళు నాచు పెంచిన కొడుకు మీద ఎవరు మటుకు ఏమని కోప్పడతారు? ఆవిడే సంతకెళ్ళి పళ్ళు తెచ్చింది. చేదతో నీళ్ళు తోడి కడిగింది. బొడ్డు తీసి, బెల్లం కూరి, యాలక్కాయ దంచి వేసింది. కొత్త దాకలో పెట్టి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసుకుని, ఏళ్ళ తరవాత తన పొయ్యి దగ్గర తను హాయిగా కూర్చుంది. ఏ ఒక్కటీ తప్పు జరగలేదు.

కాసేపు వాసన పీల్చింది. కాదు. ఇది ఆ వాసన కాదు. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మెల్లిగా లేచి గోడకానించిన గునపం అందుకుంది.

"నువ్వు కూడానా వదినా!" అని గోడ మీంచి కేక వినపడింది.

"నోర్మూసుకో రవణమ్మా" అని, నర్సాయమ్మ దాక డొక్కలో ఒక్క పోటు పొడిచింది. చుయ్యిమని పొగ లేచింది. తెల్లగా, తియ్యగా.

నిచ్చెన వేసుకుని, ఒక్కో మంచానికీ ఒక్కో పండు అందించింది. తన పండు పట్టుకుని నిచ్చెన మెట్టు మీదే కూర్చుని తింది. అదే రుచి. వీరన్న పక్కనే ఉన్నట్టుంది. ఎత్తు మంచాల మీద నలుగురూ వేళ్ళు నాకుతుంటే చూసి, నవ్వొచ్చి, ఆ నవ్వులోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చూశావా అమ్మా, చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎలా కుదిరిందో!" అన్నాడు సూర్నారాయణ. అంతలోనే మొహం ముడుచుకున్నాడు. "ఒక్కటే తక్కువైంది. పోయినేడు ఈపాటికి నువ్వు ఏడ్చావు."

"ఇప్పుడూ ఏడుస్తున్నానురా, కనపడట్లేదా" అంది నర్సాయమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంటూ.

సూర్నారాయణ మంచం మీంచి వంగి పరీక్షగా చూశాడు. "అయితే అన్నీ సరిపోయాయి" అని తృప్తిగా వెనక్కి వాలాడు.

"ఎక్కడ సరిపోయాయన్నయ్యా?" అన్నాడు బుల్లియ్య ఉలిక్కిపడి. "పండు పట్టుకుని నేను గోదారి దాకా నడవాలి. నేనింకా నడవనేలేదు!"

అని, సగం తిన్న పండు చేత్తో పట్టుకుని, అంత ఎత్తు మంచం మీంచి తిన్నగా ముందుకి అడుగేశాడు.

ధబ్బుమని ఇల్లంతా అదిరింది. గోడవతలనించి రవణమ్మ అరిచింది. "వదినా! ఇది పోయినేడు లేదు!"

"లేదత్తా" అన్నాడు సూర్నారాయణ చాలా సీరియస్‌గా. "వచ్చే ఏడునించి కలుపుకుంటాం."